పదో మనిషి

"మూడు వారాలు! మూడు వారాలపాటు పెదవి విప్పకుండా ఎలా ఉండగలిగావు హెల్కా?"

తౌనో గొంతు అంత పైకి లేవగలదని ఇరవై రెండేళ్ల కాపురంలో హెల్కాకి తెలియదు. అతని నోట్లోంచి రోజుకి నలభై మాటలు వస్తే గొప్ప. అందులో సగం గాలి గురించీ, మిగతా సగం మంచు గురించీ ఉంటాయి. దీవికీ ఒడ్డుకీ మధ్య పడవ నడిపే సరంగుకి అంతకు మించి అవసరం కూడా పడలేదు.

కాఫీపొడి కొలుస్తున్న చెంచా ఆమె చేతిలో అలాగే ఆగిపోయింది.

"దేని గురించి నువ్వనేది?"

"అమ్మ రాసినదాని గురించి."

"అత్తయ్య రాయడమేంటి? ఎవరికి రాశారు?"

తౌనో ఆమె ముఖంలోకి తేరిపార చూశాడు. ఏదో అనబోయి ఆగాడు. కోపంతో ఎర్రబడ్డ ముఖం కాస్తా పాలిపోయింది.

"నీ కమిటీకి," అన్నాడు.

హెల్కాకి నవ్వొచ్చింది. నిజంగానే నవ్వింది కూడా. "అత్తయ్య నా కమిటీకి రాశారా? పొద్దున్నే ఏమైంది నీకు?"

అతను నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చెయ్యి చూపించాడు. పెరట్లో, రాళ్ల దిగువన, నీళ్ల అంచున ఉన్న సౌనా గది పొగగొట్టంలోంచి పొగ లేస్తోంది. శనివారం ఆవిరిస్నానానికి మధ్యాహ్నం మూడింటికి పొయ్యి రాజేయడం ఆ ఇంటి అలవాటు. ఇప్పుడింకా తొమ్మిది కాలేదు. డిసెంబరు వెలుతురు సరిగ్గా విచ్చుకోనేలేదు.

"ఏడింటికే వెళ్లి లోపల గడియ పెట్టుకుంది. పిలిస్తే పలకడం లేదు. నిన్న రాత్రి నువ్వు పడుకున్నాక వియెనో టీచరు ఫోన్ చేసిందట. 'లెంపీ, నువ్వు రాసింది పార్లమెంటు వెబ్‌సైట్లో చదివాను, అంత బాగా రాస్తావనుకోలేదు' అందట. అప్పట్నుంచీ అమ్మకి ఉలుకూ లేదు, పలుకూ లేదు."

హెల్కా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

పార్లమెంటు సభ్యురాలిగా హెల్కా ఉన్న కమిటీ తలుపులు మూసుకుని కూర్చుంటుంది. బిల్లు మీద ఎవరేం చెప్పారో, ఎవరేం రాసి పంపారో బయటికి పొక్కదు. కానీ నివేదిక ఖరారై అధ్యక్షుడి చెక్కసుత్తి బల్లకి తగిలిందంటే ఆ కాగితాలన్నీ ఎవరైనా చదువుకోవచ్చు. సుత్తి గురువారం తగిలింది. ఇవాళ శనివారం.

తౌనో టాబ్లెట్ ఆమె ముందుకి తోశాడు.

"చదువు."

'ఇరవై తొమ్మిదో అభిప్రాయం. లెంపి పిర్తోలా, స్థానిక నివాసి.'

'గౌరవనీయులైన కమిటీ వారికి. నాకు ఎనభై ఒక్కేళ్లు. హర్మాకారి దీవిలో ఉంటాను. చలికాలంలో పడవ నడవాలంటే దీవిలో పదిమందైనా ఏడాది పొడుగునా కాపురముండాలని, పదిహేను అన్నదాన్ని తగ్గించి, మీరు చట్టంలో రాయబోతున్నారట. మేము సరిగ్గా పదిమందిమి. ఆ పదో మనిషిని నేను.

'నాకు పట్నం వెళ్లిపోవాలని ఉంది. నా చెల్లెలు అక్కడుంది. దాని ఇంటికి ఎదురుగానే రొట్టెల కొట్టు. మెట్లు లేవు, మంచు మీద జారిపడే భయం లేదు. నాలుగేళ్ల కిందట మా ఆయన పోయినప్పుడు అడిగాను. వచ్చే ఏడు చూద్దామన్నారు. మళ్లీ ఒకసారి అడిగాను. ఆ తర్వాత అడగడం మానేశాను. నన్నెవరూ కట్టి పడేయలేదు. మావాళ్లు మంచివాళ్లు. నేను వెళ్తే తొమ్మిదిమందికి పడవ ఉండదు. ఇద్దరు చిన్నపిల్లలు బడికి పోలేరు. అందుకని పొద్దున్నే లేచి, ఇంకా బతికే ఉన్నాను, పడవ నడుస్తుంది అనుకుంటాను.

'మీరు చట్టంలో ఒక అంకె వేసేముందు ఆ అంకెలో ఆఖరి మనిషి ఎవరో కనుక్కోండి. తలలు లెక్కపెట్టకుండా పడవ నడిపే దారి మీకు తెలిసే ఉంటుంది, చదువుకున్నవాళ్లు. మూసిన గదిలో చదువుతారని చెబితే ఇది రాస్తున్నాను.'

హెల్కా మొదటినుంచీ మళ్లీ చదివింది.  నాలుగేళ్ల కిందట 'వచ్చే ఏడు చూద్దాం' అన్నది తౌనో కాదు. తనే.

"నేనిది చదవలేదు," అంది.

"చదవలేదా?"

"లేదు."

"నువ్వా? పాలడబ్బా మీది అక్షరాలు కూడా వదలవు కదా!"

"ఇరవై తొమ్మిది, తౌనో! ఇరవై రెండు మంది వచ్చి కూర్చుని చెప్పారు. ప్రతి ఒక్కరిదీ విన్నాను. రాసి పంపినవాళ్లు ఏడుగురు. వాటికి కార్యదర్శి సారాంశం తీసి ఇచ్చింది. ఒక్కోదానికి ఒక్కో వాక్యం. నేను చదివింది అదే."

"అమ్మకొచ్చిన వాక్యమేంటి?"

ఆ వాక్యం హెల్కాకి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. గుర్తుండటమే ఇప్పుడు అన్నిటికన్నా సిగ్గనిపించింది.

"'ఒక స్థానిక నివాసి సంఖ్యా పరిమితిని ఇబ్బందికరంగా భావిస్తున్నారు.'"

"అంతేనా?"

"అంతే."

"ఇబ్బందికరంగా," అన్నాడు తౌనో. ఆ మాటని నోట్లో ఒకసారి తిప్పి చూసినట్టు మళ్లీ అన్నాడు. "ఇబ్బందికరంగా."

"వేసవి ఇళ్లవాళ్లెవరో సణుగుతున్నారనుకున్నాను. మన దీవి అనుకోలేదు. మన ఇల్లు అని కల్లో కూడా..."

 బల్ల మీద నిన్న తెచ్చిన కేకు ఇంకా సగం మిగిలే ఉంది. ప్రభుత్వంవాళ్లు పదిహేనుమంది ఉంటేనే పడవ అన్నారు. ఏడాదిపాటు ఆమె ఒక్కొక్కరి గది తలుపూ తట్టి, బతిమాలి, వాదించి, ఆ పదిహేనుని పదికి దించింది. నిన్న సాయంత్రం పడవ దిగుతూనే ఆ కేకు పెట్టె తలమీదికెత్తి చూపించింది. రేవులో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. లెంపి రెండు ముక్కలు తింది. తౌనో ఒక్కటీ ముట్టలేదు. కడుపు బాగాలేదేమో అనుకుంది హెల్కా.

తలుపు తట్టిన చప్పుడు.

గొర్రెలు పెంచుకునే కారీనా గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో మూతపెట్టిన గిన్నె. ఎప్పుడూ తలుపు తట్టకుండానే లోపలికొచ్చే మనిషి ఇవాళ తట్టింది.

"లెంపి అత్తకి. సాల్మన్ సూప్. సోయాకూర ఎక్కువేశాను, ఆవిడకిష్టమని."

"సౌనాలో ఉన్నారు. నేనిస్తాలే."

కారీనా గిన్నె ఇచ్చి కూడా కదల్లేదు. బల్ల మీద, హెల్కా లేవకముందే వచ్చి చేరిన యాలకుల బన్నుల పళ్లేన్ని, పొగబెట్టిన చేపల పొట్లాన్ని చూసింది. తనకన్నా ముందే మిగతా రెండిళ్లవాళ్లూ వచ్చి వెళ్లారని అర్థమైంది. ముఖం ఎర్రబడింది.

"ఓట్లడగడానికి వచ్చినట్టుంది కదూ," అంది.

హెల్కా గిన్నెకి చోటు చూసి బల్ల మీద పెట్టింది.

"హెల్కా, ఒక్క మాట అడుగుతా, ఏమనుకోకు. ఆవిడ వెళ్లిపోతారా? జనవరి ఒకటిన నివాసుల రిజిస్టరులో ఎంతమందుంటే అంతేనటగా. నా చిన్నది ఇంకా రెండో తరగతి."

"తెలియదు కారీనా."

"నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? నువ్వు ఒప్పుకోబట్టే కదా పది అన్నారు. ఆవిడ ఉంటారన్న భరోసా లేకుండా ఒప్పుకుంటావా నువ్వు?"

తలుపు మూసుకున్నాక కూడా ఆ ప్రశ్న వంటింట్లోనే ఉండిపోయింది.

*

కమిటీ అధ్యక్షుడు కౌకో ఇసోతాలో వేరే పార్టీ మనిషి. డెబ్బై ఏళ్లవాడు, ఊళ్లో పాల డెయిరీ ఉన్న రైతు. ఫోనెత్తేసరికి వెనక ఆవుల కొట్టంలో రేడియో వినిపిస్తోంది.

"కౌకో గారూ, ఇరవై తొమ్మిదో కాగితం మీరు చదివారా?"

రేడియో ఆగిపోయింది. 

"చదివానమ్మా. అందరం చదివాం."

"అందరూనా?"

"పదిహేడుమందిమీ." కాస్త ఆగి, "ఇప్పుడు పదహారనాలా?" అన్నాడు.

 హెల్కా మెట్ల మీద కూర్చుండిపోయింది.

"మరి ఒక్కరైనా నాతో ఒక్క మాటైనా అనలేదేం?"

"ఏమంటాం తల్లీ? అది మీ ఇంటి సంగతి. ఆవిడ మీ అత్తగారు. నీకు తెలిసే ఉంటుందనుకున్నాం. నీ దగ్గరికొచ్చి మీ ఇంటి గుట్టు కదిలిస్తే బాగుంటుందా? పైగా ఆ రోజు నువ్వే మాట్లాడుతూ..."

"ఏమన్నాను?"

ఆయన చెప్పడానికి తటపటాయించాడు. చెప్పనక్కర్లేకపోయింది. ఆమెకే గుర్తొచ్చేసింది. పదిహేను వద్దు, పది చాలు అని వాదిస్తూ, బల్ల మీద రెండు చేతులూ ఆనించి, ఎంతో గర్వంగా అంది: 'మా అత్తగారికి ఎనభై ఒక్కేళ్లు. ఆ దీవి వదిలి ఒక్క అడుగు బయటపెట్టమన్నా పెట్టరు. అలాంటివాళ్ల పడవ ఆపేస్తారా?'

పదహారుమంది ముందూ ఆ ఉత్తరం ఉంది. పదహారుమందీ అది చదివి ఉన్నారు.

"దేవుడా," అంది హెల్కా.

"మేమంతా ఎవరి కాగితాల్లోకి వాళ్లం తలలు దించుకున్నాం. ఎంత గుండె నిబ్బరం అనుకున్నాను నేనైతే. ఊరి కోసం సొంత ఇంటి మాట పక్కన పెట్టిందే అనుకున్నాను. మా ఆవిడతో కూడా చెబుదామనుకున్నా, లోపలి మాటలు చెప్పకూడదని ఊరుకున్నా."

"గురువారం నాలుగో సెక్షన్ దగ్గర మీరు ఆగారు."

"ఆగాను."

ఆ కమిటీలో పద్ధతి ఒకటుంది. అధ్యక్షుడు ఒక్కో సెక్షన్ నంబరూ చదువుతాడు. బల్ల చుట్టూ ఒకసారి చూస్తాడు. ఎవరూ నోరు విప్పకపోతే సుత్తితో టక్కున కొడతాడు. నోరు విప్పలేదంటే ఒప్పుకున్నట్టే. ఒకటో సెక్షన్, టక్. రెండోది, టక్. మూడోది, టక్. నాలుగోది పదిమంది లెక్క ఉన్న సెక్షన్. అక్కడ కౌకో సుత్తి పైకెత్తి అలాగే పట్టుకున్నాడు. కళ్లజోడు మీదుగా హెల్కా వైపే చూశాడు. ఆమె గెలుపుకి మర్యాద చేస్తున్నాడనుకుంది.

"నేను నవ్వాను," అంది హెల్కా నెమ్మదిగా.

"నవ్వావు. దాంతో కొట్టేశాను."

దూరంగా ఒక ఆవు అరిచింది. కౌకో గొంతు సవరించుకున్నాడు.

"చూడమ్మా, మంగళవారం నివేదిక సభ ముందుకొస్తుంది. లేచి నీకేం తోస్తే అది అనొచ్చు, నిన్నాపేవాళ్లెవరూ లేరు. కానీ అది ఏకగ్రీవ నివేదిక. నీ అసమ్మతి అంటూ కింద ఒక్క ముక్క లేదు. అసలు పది దగ్గర ఆగిందే నీ ముఖం చూసి. ఇప్పుడు నువ్వే లేచి ఈ లెక్క తప్పంటే, పదిహేను అడిగినవాళ్లు చేతులు ముడుచుకు కూర్చుంటారా? ఉన్నది కూడా ఊడుతుంది."

"మీరైతే ఏం చేస్తారు?"

"నేనైతే ముందు ఆ కాగితం చదివుండేవాణ్ణి," అన్నాడు కౌకో. ఎత్తిపొడుపుగా అనలేదు. జాలిగా అన్నాడు. అది ఇంకా బాధించింది.

*

సౌనా తలుపు మీద హెల్కా వేళ్లతో కొట్టింది.

"అత్తయ్యా, నేను."

 లోపల కట్టె చిటపటమంది.

"అత్తయ్యా!"

"కమిటీ నుంచా, ఇంట్లోంచా?" అంది లెంపి గొంతు.

"ఇంట్లోంచే."

గడియ తీసిన చప్పుడైంది. తీయడానికి చాలాసేపే పట్టింది. "తొందరగా రా, వేడంతా పోతుంది."

ముందు గదిలో బల్ల మీద లెంపి కోటుతోనే కూర్చుని ఉంది. తలకి ఉన్ని రుమాలు. పొయ్యి నోరు తెరిచి బర్చి చెట్టు కట్టెల్ని రెండు అరచేతులతో లోపలికి నెడుతోంది. వేళ్లు వంగవు. కీళ్లు ఉబ్బి, ఒక్కో వేలూ ఒక్కో దిక్కు చూస్తుంది.

హెల్కా పక్కన కూర్చుంది.  

"నిన్న కేకు బాగుంది," అంది లెంపి. "అది నా కోసమేనని తెలిస్తే మూడో ముక్క కూడా తినేదాన్ని."

"అత్తయ్యా, నాకు నిజంగా తెలియదు. నేనది చదవలేదు."

లెంపి కట్టె నెట్టడం ఆపింది. కోడలి ముఖంలోకి చూసింది. ఆ ముసలి కళ్లలో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ కనిపించింది.

"చదవలేదా?"

"లేదు."

"మరి తక్కినవాళ్లు?"

"అందరూ చదివారు."

 లెంపి పెదవులు వణికాయి. ఏడుస్తోందనుకుని హెల్కా దగ్గరికి జరగబోయింది. ముసలావిడ నవ్వుతోంది. ఆ నవ్వు చూస్తే హెల్కాకి ఏడుపొచ్చింది.

"ముక్కూమొహం తెలియని పదహారుమందికి తెలిసిందన్నమాట నా గోడు! ఎదురుగా కూర్చుని నా రొట్టెకి వెన్న రాసిచ్చేదానికి తప్ప."

"నాతో చెప్పాల్సింది మీరు."

"చెప్పాను. ఒకసారి కాదు, రెండుసార్లు. నువ్వు 'వచ్చే ఏడు' అన్నావు. నేను 'ఊఁ' అన్నాను."

"ఊఁ అంటే సరేననుకున్నాను."

"నీకు సరే. నాకేం సరి? పెళ్లై ఈ ఇంటికొచ్చి ఇరవై రెండేళ్లయింది. ఈ ఇంట్లో 'ఊఁ' అంటే ఏంటో నీకింకా తెలియదా అమ్మాయ్?"

హెల్కా తల వంచుకుంది. తన చేతుల్లోకి లెంపి చేతుల్ని తీసుకుంది. అవి కట్టెల్లా గట్టిగా, పొయ్యి వేడికి వెచ్చగా ఉన్నాయి. రెండేళ్లుగా క్రిస్మస్ కార్డుల మీద లెంపి పేరు హెల్కాయే రాస్తోంది. ఈ వేళ్లలో కలం నిలవదు.

అప్పుడు తట్టింది ఆమెకి. 

"అత్తయ్యా, ఆ ఉత్తరం టైపు చేసిందెవరు?"

లెంపి చేతులు వెనక్కి లాక్కుంది. మరో కట్టె అందుకుంది.

"మాటలన్నీ నావే."

"అది కాదు నేనడిగేది."

"ఎవరు చేస్తారు, పడవ నడిపేవాడు."

 ఆ పడవ ఆగితే ముందు పోయేది తౌనో పనే. పద్దెనిమిదేళ్ల వయసునుంచీ అదే అతని బతుకు.

"మూడు వారాల కిందటి ఆదివారం నువ్వు సామాను సర్దుకుని వెళ్లాక కూర్చున్నాం," అంది లెంపి. "నేను చెప్పడం, వాడు టైపు కొట్టడం. మధ్యలో రెండుసార్లు లేచి బయటికెళ్లొచ్చాడు. అయ్యాక నేనన్నాను, ఇదంతా దానితోనే చెప్పొచ్చు కదరా అని. 'ఇంట్లో చెబితే ఇంటి గొడవ అవుతుందమ్మా. అక్కడైతే వింటుంది. వినడమే కదా అక్కడ దాని పని' అన్నాడు. 'మూసిన గది, బయటికి రాదు' అన్నాడు. తర్వాత బయటికొస్తుందని వాడికీ తెలియదు పాపం. తెలిస్తే నేను రాసేదాన్ని కాను. ఆ కారీనా పిల్లల ముఖం ఇప్పుడెలా చూడను?"

"మూడు వారాలు..." అంది హెల్కా. పొద్దున తౌనో అరిచిన మాట ఇప్పుడు అర్థమైంది.

"ప్రతి శుక్రవారం నువ్వు పడవెక్కగానే నీ ముఖం చూసేవాడు. ఇవాళ అడుగుతుందమ్మా అనేవాడు. నువ్వొచ్చి హెల్సింకీలో ట్రాములు ఆలస్యమని చెప్పేదానివి. మొదటి వారం, ఇంకా చదవలేదేమో అన్నాడు. రెండో వారం, ఆలోచిస్తోందేమో అన్నాడు. మూడో వారం ఏమీ అనలేదు."

పొయ్యిలో కట్టె విరిగి పడింది. లెంపి దాన్ని సర్దలేదు.

"నిన్న నువ్వు కేకు పెట్టె ఎత్తి చూపించావు చూడు," అంది. "అదే నీ జవాబనుకున్నాడు."

*

ముగ్గురూ వంటింటి బల్ల దగ్గర కూర్చునేసరికి మూడు కావస్తోంది. బయట అప్పుడే చీకటి కమ్ముకుంటోంది. హెల్కా కాఫీ పోసింది. కారీనా సూప్ ఎవరూ వేడి చేయలేదు. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరికీ ఆకలి లేదు.

"నాతో చెప్పొచ్చు కదా," అంది హెల్కా భర్తతో. గొంతులో కోపం లేదు. అడుక్కుంటున్నట్టుంది.

"చెప్పాననుకున్నాను."

"ఉత్తరంలో కాదు, నోటితో."

"నోటితో మాట్లాడితే నువ్వే గెలుస్తావు హెల్కా. ఎప్పుడూ అంతే. అది నీ తప్పు కాదు. నీకు మాటలొచ్చు, నాకు రావు. నేను మూడు ముక్కలు వెతుక్కునేసరికి నువ్వు ముప్పై చెప్పేసి వంట మొదలుపెడతావు. రాస్తే అడ్డు తగలవు కదా అనుకున్నాను."

ఆ మాట నిజమని హెల్కాకి తెలుసు. అందుకే ఈసారి అడ్డు తగల్లేదు.

తౌనో చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. చిరునామా మార్పు పత్రం. పట్నం, లెంపి చెల్లెలి వీధి, పక్క మేడలో కింది అంతస్తు. డిసెంబరు పదిహేను నుంచి. మొదటి గడిలో లెంపి పిర్తోలా అని ఉంది.

హెల్కా ఊపిరి పీల్చుకుంది. దీనికి ఆమె సిద్ధపడే వచ్చింది. సౌనా నుంచి మెట్లెక్కి వస్తూ దారంతా మనసుని రాయి చేసుకుంది. లెంపిని పంపాలి. మంగళవారం సభలో లేచి, ఇరవై తొమ్మిదో కాగితం గట్టిగా చదవాలి, ఎవరు నవ్వినా సరే. తలలు లెక్కపెట్టకండి అని అడగాలి. ఆ మాటే అనబోయింది.

అప్పుడు రెండో గడి కనిపించింది.

'తౌనో పిర్తోలా.'

ఆమె ఆ పేరు చదివింది. మళ్లీ చదివింది. తలెత్తి చూస్తే లెంపి కూడా అదే గడి వైపు నోరు తెరుచుకుని చూస్తోంది. ముసలావిడ ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"ఇదేంట్రా? నేను నిన్ను రమ్మన్నానా?"

"నీ చొక్కాకి బొత్తాలెవరు పెడతారమ్మా అక్కడ? పిన్నికే డెబ్బై ఎనిమిది."

"నీ పడవ?"

"ఎనిమిదిమందికి పడవ ఉండదుగా. నేనుండి ఏం చెయ్యను?"

"మరి నేను?" అంది హెల్కా. అది తన గొంతేనా అనిపించింది.

తౌనో కాఫీ కప్పు పక్కకి జరిపాడు.

"నువ్వు వారంలో నాలుగు రోజులు అక్కడే ఉంటావు. మిగతా మూడు రోజులు ఈ దీవితో ఉంటావు. నాకేమైనా మిగిలిందేమో అని మూడు శుక్రవారాలు ఎదురుచూశాను."

అతను మంచివాడు. అందుకే ఆ మాట అరవకుండా అన్నాడు. అరిచి ఉంటే హెల్కా తట్టుకునేది.

"నువ్వు చదవలేదని ఇవాళ తెలిసింది," అన్నాడు మళ్లీ. "తెలిశాక కోపం పోయింది. కానీ కాగితం చించాలని అనిపించలేదు. అది నాకే వింతగా ఉంది."

కలం తీసి కాగితం పక్కన పెట్టాడు. సంతకాల గడులు రెండూ ఖాళీగా ఉన్నాయి.

"నువ్వేమైనా అంటావా?"

గోడ గడియారం నడుస్తోంది. హెల్కా నోరు తెరిచింది. ఏడాదిపాటు పదహారుమందిని ఒప్పించిన నోరు అది. దీవి గురించీ, బడి పిల్లల గురించీ, మంగళవారం గురించీ వంద మాటలు గొంతు దాకా వచ్చాయి. ఒక్కటీ ఇక్కడికి పనికొచ్చేది కాదు. తౌనో ఆమె వైపే చూస్తున్నాడు, కళ్లజోడు మీదుగా చూసిన కౌకోలాగే ఓపిగ్గా, మర్యాదగా. ఆమె ఏమీ అనకపోతే తనంతట తనే అర్థం చేసుకుంటాడు. మళ్లీ అడగడు.

ఒక నిమిషం గడిచింది. తౌనో చెయ్యి కలం వైపు కదిలింది.

లెంపి కాఫీ కప్పు బల్ల మీద పెట్టింది. వేళ్లు పట్టు తప్పి కప్పు కాస్త గట్టిగానే తగిలింది. టక్.

ఆ చప్పుడుకి హెల్కా కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది.

"ఆగు!" అంది. "ఆగు తౌనో. నాకు అభ్యంతరం ఉంది."

దేనికో ఆమె ఇంకా చెప్పలేదు. చెప్పడానికి ఆమెకే తెలియదు. కానీ తౌనో చెయ్యి ఆగింది.